తన ఈడు ఆటగాళ్లలో మితోమాకి ఆదరణలో ఎన్నో స్థానం? లెక్క ఎలా కట్టాలి?

ఎడమవింగు (ప్రశ్న):

జపాన్ ఫుట్‌బాల్ గట్టిగా ఫాలో అయ్యేవాళ్లు చెప్పండి. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో పేరు తెచ్చుకున్న కవోరు మితోమాకి తన ఈడు జపాన్ ఆటగాళ్ల మధ్య ఆదరణలో ఎన్నో స్థానం ఇవ్వాలి? ఏ జాబితా తెరిచినా ఒక్కో మాట చెబుతోంది. ఒకచోట తకేఫుసా కుబో పైన, ఇంకోచోట మితోమా పైన, మరోచోట రిత్సు దోవాన్, తకుమి మినమినో కూడా మధ్యలో వస్తున్నారు. ఏ జాబితా కిందా ఎలా లెక్కపెట్టారో రాయరు.

ఏ పేరుని జనం ఎంత వెతుకుతున్నారో చూపించే గూగుల్ ట్రెండ్స్‌లో మితోమా, కుబో, దోవాన్, మినమినో, తొమియాసు ఐదుగురినీ పక్కపక్కన పెట్టాను. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను, ప్రాంతం ప్రపంచం మొత్తం, గడువు గత 5 ఏళ్లు. ఒకే ఒక్క చోట కొండంత శిఖరం వచ్చింది, మిగతాదంతా నేలకి అతుక్కుపోయిన గీతలే. ఎవరు ముందో ఎవరు వెనకో ఆ గ్రాఫ్‌లో కనబడట్లేదు.

అడిగేవి మూడు. ఈడువాళ్లు అంటే ఎవరెవరిని తీసుకోవాలి? ఏ కొలతని నమ్మొచ్చు? ట్రెండ్స్‌లో తప్పు ఎక్కడ జరిగింది?


బడిఈడు:

ఎడమవింగు గారూ, మీ మొదటి ప్రశ్న తేలితే సగం జవాబు దొరికినట్టే.

జపాన్‌లో ఒక ఈడువాళ్లు అంటే పుట్టిన సంవత్సరం చూడరు, బడిలో ఏ తరగతో చూస్తారు. ఏప్రిల్ 2 నుంచి మరుసటి ఏడు ఏప్రిల్ 1 దాకా పుట్టినవాళ్లంతా ఒకే తరగతి. 'బంగారు తరం' అని పేరుపడ్డ 1979 బ్యాచ్ దీనికి మంచి ఉదాహరణ. షింజీ ఒనో, ఇనమోతో, తకహరా 1979లోనే పుట్టారు. యసుహితో ఎండో పుట్టింది మాత్రం 1980 జనవరి 28న. అయినా ఆయన్ని ఆ బ్యాచ్‌లోంచి ఎవరూ తీసేయరు, తరగతి అదే మరి.

మితోమా పుట్టింది 1997 మే 20న. అంటే ఆయన తరగతివాళ్లు కోకి ఒగావా (1997 ఆగస్టు 8), దైజెన్ మయేదా (1997 అక్టోబరు 20), రెవో హతాతె (1997 నవంబరు 21). కో ఇతాకురా కూడా 1997లోనే పుట్టాడు, కానీ జనవరి 27 కావడంతో ఒక తరగతి పైవాడు. దోవాన్ (1998 జూన్ 16), అయాసే ఉయెదా (1998 ఆగస్టు 28), అవో తనకా (1998 సెప్టెంబరు 10), తొమియాసు (1998 నవంబరు 5) ఒక తరగతి కిందివాళ్లు. కుబో 2001 జూన్ 4న పుట్టాడు, నాలుగు తరగతులు కింద. మినమినో 1995 జనవరి 16, మూడు తరగతులు పైన.

తరగతి గీత కచ్చితంగా గీస్తే మితోమాకి మొదటి స్థానం ఇవ్వడానికి పెద్దగా ఆలోచించక్కర్లేదని నా అభిప్రాయం. మయేదా 2022 ప్రపంచ కప్‌లో క్రొయేషియా మీద గోల్ కొట్టాడు, స్కాట్లాండ్ క్లబ్బు సెల్టిక్‌లో పెద్ద పేరు తెచ్చుకున్నాడు, కానీ ఫుట్‌బాల్ అంతగా చూడని జపాన్ ఇళ్లలో కూడా వినబడే పేరు మితోమాదే.

అసలు పోటీ రెండో జాబితాలో ఉంది, అదే టోక్యో ఒలింపిక్స్ తరం. ఆటలు 2021కి వాయిదా పడటంతో 23 ఏళ్ల పరిమితిని 24కి పెంచారు, 1997 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు అర్హులయ్యారు. మితోమా, కుబో, దోవాన్, మయేదా, హతాతె, అవో తనకా, తొమియాసు, ఉయెదా, ఇతాకురా అందరూ ఆ జట్టులో ఉన్నారు. అక్కడి పత్రికలు తరం అని రాసేది ఎక్కువగా ఈ గుంపునే. నా సలహా, మీ పోలికకి ఈ తొమ్మిది మందినీ తీసుకోండి. మినమినోని తీసేయండి, ఆయన 2016 రియో ఒలింపిక్స్ బ్యాచ్.


గీతలలెక్క:

ట్రెండ్స్ సంగతి నేను చెబుతాను. తప్పులు మూడున్నాయి, వాటిలో మొదటిదే అసలైనది.

జపాన్‌లో ఆదరణ కొలవాలంటే జపాన్ లిపిలో వెతకాలి. అక్కడివాళ్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఆటగాడి పేరు కొట్టరు. మితోమా విషయంలో దీనికి తోడు ఇంకో చిక్కుంది. ఆయన ఇంటిపేరులో 'తోమా' అని పలికే రెండో అక్షరం నెత్తిన వెదురు గుర్తు ఉంటుంది. అచ్చం అలాగే ఉండి, నెత్తిన గడ్డి గుర్తుతో ఇంకో అక్షరం ఉంది. కింది భాగం రెండింటికీ ఒకటే. హొక్కైదోలోని తొమకొమాయ్ ఊరి పేరులో వచ్చేది ఆ గడ్డి అక్షరం. ఫుకువొకా నగరం తూర్పు వార్డులో మితోమా అనే రైల్వే స్టేషనే ఉంది, దాని పేరూ గడ్డి అక్షరంతోనే. వాడుకలో ఎక్కువ కనబడేది అదే కావడంతో, జపాన్ వాళ్లు కూడా తరచూ దాంతోనే ఆటగాడి పేరు రాసేస్తారు. మీరు వెదురు అక్షరం ఒక్కటే పెడితే పొరపాటున గడ్డి అక్షరం కొట్టినవాళ్లంతా లెక్కలోంచి జారిపోతారు. గడ్డి అక్షరంతో ఇంటిపేరు మాత్రమే పెడితే రైలు టైమింగులు చూసుకునేవాళ్లు కూడా అభిమానుల్లో కలిసిపోతారు.

దీనికి రెండు దారులున్నాయి. పేరు పెట్టగానే కిందకి జారే వరసలో 'ఫుట్‌బాల్ ఆటగాడు' అన్న ముద్రతో ఒకటి వస్తుంది, దాన్ని ఎంచుకుంటే గూగుల్ రకరకాల రాతల్ని, భాషల్ని ఒకే మనిషి కింద కలుపుతుంది. లేదా రెండు రాతల్నీ పూర్తి పేరుతో, ఇంటిపేరు పక్కన కవోరు అన్న అక్షరంతో సహా రాసి, మధ్యలో ప్లస్ గుర్తు పెట్టండి. ప్లస్ పెడితే ఏది కొట్టినా కలిపి లెక్కిస్తుంది. ఏ దారి పట్టినా అందరికీ అదే దారి పట్టాలి. ఒకరికి ఆటగాడి ముద్ర, ఇంకొకరికి ఉత్త పదం పెడితే ఆ పోలిక చెల్లదు. అక్షరాలు చేత్తో కొట్టకండి, జపాన్ వికీపీడియాలో ఆ ఆటగాడి పేజీ శీర్షిక నుంచి కాపీ చేసుకోండి.

మిగతావాళ్లకీ ఇలాంటి జాగ్రత్తే కావాలి. తనకా, మయేదా లాంటివి జపాన్‌లో వీధికొకరుండే ఇంటిపేర్లు. ఉత్త ఇంటిపేరు పెడితే బేస్‌బాల్ పిచర్లు, సినిమా తారలు అందరూ వచ్చి పడతారు. దోవాన్ ఇంటిపేరు అరుదు కాబట్టి ఆ బాధ తక్కువ. అలాగని ఆయనకి ఇంటిపేరు, మిగతావాళ్లకి పూర్తి పేరు పెట్టినా అన్యాయమే.

రెండో తప్పు ప్రాంతం. ప్రపంచం మొత్తం పెడితే వచ్చేది జపాన్‌లో ఆదరణ కాదు, ప్రీమియర్ లీగ్ ఎంతమంది చూస్తున్నారన్న కొలత. ఇండియా పెట్టి చూసినా అంతే. హైదరాబాదులో, విశాఖలో మితోమా పేరు వెతికేవాళ్లలో ఫాంటసీ ప్రీమియర్ లీగ్ టీమ్ కట్టుకునేవాళ్లు చాలామంది ఉంటారు. కుబో ఆడేది స్పెయిన్‌లో కాబట్టి ఆ ఫాంటసీ ఆటలో ఆయన లేనే లేడు. ప్రాంతం జపాన్ అని పెట్టండి.

మూడో తప్పు గడువు. ట్రెండ్స్ ఇచ్చేది వెతుకులాటల సంఖ్య కాదు. మీరు పెట్టిన పేర్లలో, ఆ గడువులో, అన్నిటికన్నా ఎత్తైన బిందువుని 100 చేసి మిగతావన్నీ దానికి తగ్గట్టు కుదిస్తుంది. 5 ఏళ్ల గడువులో ప్రపంచ కప్ వారం పడితే అది 100 అవుతుంది, మామూలు వారాలు 1కీ 2కీ పడిపోతాయి. అంకెలు పూర్ణాంకాలకి సవరించి ఇస్తుంది కాబట్టి 1.4 కూడా 1 అవుతుంది, 1.1 కూడా 1 అవుతుంది. మీరు చూసిన నేలగీతలు అవే. 9 నెలల లోపు గడువు పెడితే రోజువారీ అంకెలు వస్తాయి, దాంతో పని చేయండి.

ఒకేసారి ఐదు పేర్లే పడతాయి, మీకు తొమ్మిది కావాలి. అందుకని రెండు గుంపులు చేసి ఒక ఆటగాణ్ని రెండింట్లోనూ ఉంచండి. మొదటి గుంపులో మితోమా, కుబో, దోవాన్, తొమియాసు, ఉయెదా. రెండో గుంపులో దోవాన్, మయేదా, తనకా, హతాతె, ఇతాకురా. ఉదాహరణకి దోవాన్ సగటు మొదటి గుంపులో 12, రెండోదాంట్లో 40 వచ్చి, మయేదాకి 30 వచ్చిందనుకోండి. మయేదాని మొదటి గుంపు కొలతకి తేవాలంటే 30ని 12తో గుణించి 40తో భాగించాలి, 9 వస్తుంది. (ఈ అంకెలు లెక్క చూపించడానికి వేసుకున్నవే.) ఉమ్మడి ఆటగాడి సగటు ఏ గుంపులోనైనా 5 కన్నా తక్కువుంటే ఆయన్ని మార్చండి. 5లో ఒక అంకె తేడా వస్తే 20 శాతం తప్పు, ఆ తప్పు రెండో గుంపులో ఉన్న అందరికీ అంటుకుంటుంది.

ఇంకొకటి. ట్రెండ్స్ మొత్తం వెతుకులాటల్లోంచి ఒక నమూనా తీసుకుని చూపిస్తుంది. ఇవాళ చూసిందీ రేపు చూసిందీ కొద్దిగా తేడాగా వస్తాయి. వేర్వేరు రోజుల్లో ఐదుసార్లు తీసి సగటు కట్టండి. ఇద్దరి మధ్య తేడా ఆ ఊగిసలాట కన్నా చిన్నదైతే వాళ్లిద్దరికీ ఒకే స్థానం ఇవ్వండి.


సబ్‌బెంచి:

ఇన్‌స్టాగ్రామ్ లెక్కని మాత్రం ఈ ప్రశ్నకి వాడొద్దు. అక్కడ కనిపించేది కూడబెట్టిన సంఖ్య, ఇవాళ్టి ఆదరణ కాదు. కుబో పదేళ్ల వయసులో, 2011లో బార్సిలోనా అకాడమీకి వెళ్లినప్పటి నుంచి వార్తల్లో ఉన్నాడు. 2019లో రియల్ మాడ్రిడ్ తీసుకున్నప్పుడు ఆ క్లబ్బు అభిమానులు ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చి చేరారు. మితోమా అప్పటికి త్సుకుబా యూనివర్సిటీ విద్యార్థి. కవసాకి ఫ్రంతాలె తరఫున లీగ్‌లో అడుగుపెట్టింది 2020లో, 22 ఏళ్లకి. దాదాపు తొమ్మిదేళ్ల ముందు మొదలైన కుండ ఎక్కువ నిండి ఉంటే అందులో వింతేముంది?

ఫాలోవర్ల సంఖ్య ఏ దేశం వాళ్లు చేరారన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. 2022లో ఇండోనేషియా ఆటగాడు ప్రతామా అర్హాన్ టోక్యో వెర్డీలో చేరగానే ఆ క్లబ్బు ఇన్‌స్టాగ్రామ్ ఖాతా ఒక్కసారిగా ఉబ్బిపోయింది. అప్పటికి వెర్డీ రెండో డివిజన్‌లో ఉంది. 2017లో థాయ్‌లాండ్ ఆటగాడు చనాతిప్ సప్పోరో వెళ్లినప్పుడూ ఇదే జరిగింది. ఆ సంఖ్యలు చూసి జపాన్‌లో వాళ్ల ఆదరణ ఇంత అంటే తప్పు కదా!

చొక్కాల అమ్మకాల మాట కూడా ఎవరో ఒకరు ఎత్తుతారు. ఆటగాడి వారీగా ఎన్ని అమ్ముడయ్యాయో క్లబ్బులు సాధారణంగా బయటపెట్టవు. పైగా జాతీయ జట్టులో మితోమా 2022 ప్రపంచ కప్‌లో 9 వేసుకుని తర్వాత 7కి మారాడు, దోవాన్ 8 నుంచి 10కి, కుబో 11 నుంచి 20కి. నంబరు మారినప్పుడు పాత అభిమానే మళ్లీ కొంటాడు. 10 నంబరు సంగతి అసలే వేరు. షున్సుకె నకమురా, కగావా వేసుకున్న నంబరు కావడంతో దాన్ని ఎవరు తొడిగినా కొనేవాళ్లుంటారు.


ఎడమవింగు:

అందరికీ చాలా థాంక్స్. మినమినోని తీసేశాను, ప్రాంతం జపాన్ పెట్టాను, అక్షరాలు కాపీ చేసే పెట్టాను. గీతలు ఇప్పుడు లేచాయి. కానీ మ్యాచ్ రోజు ఒక్కసారి ఎగిరి, రెండు రోజుల్లో కిందికొచ్చేస్తున్నాయి. ఎవరు గోల్ కొడితే ఆ రోజు వాళ్లే మొదటి స్థానం. దీన్ని ఎలా సరిచేయాలి? వికీపీడియా పేజీ ఎంతమంది చూశారన్న లెక్క దీనికన్నా మేలా?


గీతలలెక్క:

రెండూ వాడండి, కానీ సగటు బదులు మధ్యగతం తీసుకోండి. రోజువారీ అంకెల్ని చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చితే సరిగ్గా నడిమిన ఉండేది. 180 రోజుల్లో పది రోజులు ఆకాశానికి ఎగిరినా మధ్యగతం కదలదు. గోల్ కొట్టని రోజున, మ్యాచ్ లేని మంగళవారం నాడు కూడా ఎంతమంది ఆ మనిషి గురించి చూస్తున్నారన్నదే నా దృష్టిలో అసలైన ఆదరణ.

వికీపీడియాకి 'పేజ్‌వ్యూస్' అనే ఉచిత పరికరం ఉంది. ప్రాజెక్టు దగ్గర జపాన్ వికీపీడియా పెట్టండి, ప్లాట్‌ఫామ్ దగ్గర అన్నీ, ఏజెంట్ దగ్గర యూజర్. ఏజెంట్ దగ్గర ఇంకేదైనా ఉంటే యంత్రాలు తెరిచినవి కూడా కలిసే ప్రమాదం ఉంది. పది పేజీల దాకా ఒకేసారి పోల్చొచ్చు కాబట్టి మీ తొమ్మిది మందీ ఒకే పట్టికలో వస్తారు, గుంపులు చేసే శ్రమ లేదు. ఇచ్చేవి కూడా కుదించిన అంకెలు కావు, అసలు సంఖ్యలు. మరచిపోకూడనిది ఒకటుంది. దారి మళ్లింపు పేజీల లెక్క మామూలుగా ఇందులో కలవదు. తప్పు అక్షరంతో వచ్చి అసలు పేజీకి మళ్లినవాళ్లని విడిగా చూసి కలుపుకోవాలి. మితోమాకి ఇది తప్పనిసరి.

తేదీల దగ్గర కూడా జాగ్రత్త. పేజ్‌వ్యూస్‌కీ, పెద్ద గడువు పెట్టిన ట్రెండ్స్‌కీ రోజు యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం మారుతుంది, అంటే జపాన్‌లో ఉదయం 9 గంటలకి. 2022 ప్రపంచ కప్‌లో జపాన్, స్పెయిన్ మ్యాచ్ కతార్‌లో డిసెంబరు 1 రాత్రి 10కి మొదలైంది. జపాన్‌లో అప్పుడు డిసెంబరు 2 తెల్లవారుజాము 4, మనకి అదే రోజు అర్ధరాత్రి దాటి 12:30. దాంతో ఒకే శిఖరం రెండు ముక్కలైంది. మ్యాచ్, ఆ పొద్దుటి టీవీ వార్తలు డిసెంబరు 1 కింద పడ్డాయి, 9 తర్వాత ఆఫీసులో కూర్చుని చూసినవాళ్లంతా డిసెంబరు 2 కింద పడ్డారు. జాతీయ జట్టు మ్యాచ్‌ల ప్రభావం తీసేయాలంటే ఒక్క తేదీ కాదు, ముందు ఒక రోజు, తర్వాత రెండు రోజులు కలిపి తీసేయండి.

బదిలీ పుకార్లు వచ్చిన వారాలు కూడా పక్కన పెట్టండి. 2025 జనవరిలో సౌదీ క్లబ్బు అల్ నస్ర్ మితోమా కోసం అడిగిందన్న వార్తలు వచ్చినప్పుడు జనం ఆ వార్త కోసం వెతికారు. గాయం, బదిలీ, పెళ్లి ఏది జరిగినా గీత లేస్తుంది. అది ఇష్టమో కాదో గీతకి తెలియదు.


బడిఈడు:

ఆ స్పెయిన్ మ్యాచ్ మీద ఇంకొంచెం రాయాలి, మితోమా ఆదరణకి అదే మలుపు కాబట్టి. 48వ నిమిషంలో దోవాన్ సమం చేశాడు. మూడు నిమిషాలకి దోవాన్ కొట్టిన క్రాస్ గోల్ ముందు నుంచి దాటిపోయి గీత అవతలికి పోతున్నట్టే కనిపించింది. మితోమా ఎడమకాలు చాచి దాన్ని వెనక్కి లాగాడు, అవో తనకా మోకాలితో లోపలికి తోశాడు. మైదానంలో మొదట గోల్ కాదన్నారు, వీడియో చూసి ఇచ్చారు. నేలని తాకిన చోటు గీత అవతలే ఉన్నా, పైనుంచి చూస్తే బంతి పొట్ట అంచు గీత మీదికి వాలి ఉంది. నిబంధన ప్రకారం బంతి మొత్తం దాటాలి. జపాన్‌లో దానికి 'మితోమా 1 మిల్లీమీటరు' అని పేరు పడిపోయింది. పాస్ ఇచ్చినవాడూ గోల్ కొట్టినవాడూ చిన్నప్పుడు కవసాకిలో ఒకే సాగినుమా క్లబ్బులో ఆడినవాళ్లు. ఆ సంగతి తెలిశాక జనం ఇంకా దగ్గరయ్యారు.

అంతకు ఎనిమిది నెలల ముందు, 2022 మార్చి 24న సిడ్నీలో, చివరి నిమిషాల్లో బెంచి మీద నుంచి వచ్చి ఆస్ట్రేలియా మీద రెండు గోల్స్ కొట్టి జట్టుకి ప్రపంచ కప్ బెర్తు ఖాయం చేసింది కూడా మితోమానే. ఆట పరంగా అది చిన్న సంగతి కాదు. కానీ ఆ మ్యాచ్ జపాన్‌లో మామూలు టీవీలో రాలేదు, డబ్బు కట్టి చూసే డాజోన్‌లో మాత్రమే వచ్చింది. కతార్ ప్రపంచ కప్ మ్యాచ్‌లు 64కి 64 అబెమా అనే నెట్ సేవలో ఉచితం. ఆదరణలో గొప్ప గోల్ ఎంత ముఖ్యమో, అది ఎక్కడ ప్రసారమైందన్నదీ అంతే ముఖ్యం. మితోమా, కుబోలని పోల్చేటప్పుడు దీన్ని మనసులో పెట్టుకోండి. ప్రీమియర్ లీగ్, స్పెయిన్ లీగ్ లా లిగా జపాన్‌లో వేర్వేరు సేవల్లో వస్తాయి, హక్కులు చేతులు మారినప్పుడల్లా చూసేవాళ్ల సంఖ్య మారుతుంది.


ఓటులెక్క:

ఓట్ల జాబితాల గురించి ఎవరూ రాయలేదు, నేను చెబుతాను. వెబ్‌సైట్లో ఎవరైనా వచ్చి నొక్కే ఓటింగ్‌కి విలువ తక్కువ. తీరిక, పట్టుదల ఉన్నవాళ్లే వేస్తారు, ఒకరే పదిసార్లు వేస్తారు. జపాన్ బేస్‌బాల్‌లో 2003 ఆల్‌స్టార్ ఓటింగ్ దీనికి పెద్ద ఉదాహరణ. గాయంతో ఏళ్ల తరబడి మొదటి జట్టుకి ఆడని పిచర్ కెంజిరో కవసాకిని నెట్‌లో జనం కూడబలుక్కుని మొదటి స్థానంలో కూర్చోబెట్టారు. ఆయన ఆ ఆట ఆడనని తప్పుకున్నారు, నిర్వాహకులు నిబంధనలు మార్చుకోవాల్సి వచ్చింది.

దీనికన్నా నమ్మదగింది ఎంపిక చేసిన మనుషుల్ని అడిగే సర్వే. ససకవా స్పోర్ట్స్ ఫౌండేషన్ రెండేళ్లకోసారి జరిపే సర్వేలో పెద్దల్ని మీకు ఇష్టమైన క్రీడాకారుడు ఎవరని అడుగుతారు, జవాబు వాళ్లే సొంతంగా చెప్పాలి. అలా అడిగితే బేస్‌బాల్ వీరుడు ఒహతానీ అందనంత ముందుంటాడు. ఫుట్‌బాల్ ఆటగాళ్లు దొరికే ఓట్లని పంచుకోవాలి, అక్కడ ఒక్కొక్కరి మధ్య తేడా చాలా సన్నగా ఉంటుంది. నమూనా తప్పు కన్నా సన్నని తేడాకి స్థానం అంకె వేయకండి.

ఇక 'తోటివాళ్లలో స్థానం' అన్న మాటకి ఇంకో అర్థం కూడా ఉంది, తోటి ఆటగాళ్లే వేసే ఓటు. జపాన్ దేశీయ లీగ్ అయిన జె లీగ్ బెస్ట్ ఎలెవన్‌కి ఆధారం జె1 (మొదటి డివిజన్) క్లబ్బుల కోచ్‌లు, ఆటగాళ్లు వేసే ఓట్లే. 2020లో మితోమా తొలి సీజన్‌లో 30 మ్యాచ్‌ల్లో 13 గోల్స్, 12 అసిస్ట్‌లు చేసి ఆ జాబితాలోకి వచ్చాడు. ఆ ఏడు పదకొండు మందిలో తొమ్మిది మంది ఫ్రంతాలె వాళ్లే. ఛాంపియన్ జట్టు గాలి కొంత కలిసొచ్చిందని ఒప్పుకోవాలి, కానీ యూనివర్సిటీ నుంచి అదే ఏడు వచ్చిన కుర్రాడికి ప్రత్యర్థులు ఓటేశారంటే చిన్న విషయం కాదు.

యూరప్‌లో ఈ లెక్క తిరగబడుతుంది. స్కాట్లాండ్‌లో ఆటగాళ్లు ఆటగాళ్లకి ఓటేసి ఇచ్చే పీఎఫ్‌ఏ అవార్డు 2006-07లో షున్సుకె నకమురాకి, 2022-23లో క్యోగో ఫురుహాషికి, 2024-25లో దైజెన్ మయేదాకి వచ్చింది. మితోమా 2024-25లో ప్రీమియర్ లీగ్‌లో 10 గోల్స్ కొట్టి, ఒక సీజన్‌లో రెండంకెలు దాటిన తొలి జపాన్ ఆటగాడయ్యాడు, కానీ ఇంగ్లండ్ ఆటగాళ్ల ఓటులో ఆయనకి ఇలాంటి అవార్డు దక్కలేదు. లీగుల స్థాయి వేరు, అది నిజమే. కానీ 'తోటి ఆటగాళ్ల ఓటు' అనే మీ జాబితాలో మితోమా తరగతివాడైన మయేదానే పైన ఉండాలి.


సబ్‌బెంచి:

మయేదా పాయింటు బాగుంది. క్లబ్బుల జపాన్ పర్యటనల్ని కూడా ఒక గుర్తుగా చూడొచ్చు. 2024లో కుబో ఉన్న రియల్ సొసియెదాద్ మే 29న, మితోమా ఉన్న బ్రైటన్ జులై 28న, ఇద్దరూ టోక్యో జాతీయ స్టేడియంలో అదే టోక్యో వెర్డీతో ఆడారు. ఏ ఆటగాణ్ని చూపించి టికెట్లు అమ్మవచ్చో క్లబ్బుల వ్యాపార విభాగాలకి బాగా తెలుసు. కాకపోతే ప్రేక్షకుల సంఖ్యల్ని నేరుగా పోల్చకండి. ఒకటి బుధవారం, ఇంకొకటి ఆదివారం, పైగా పిల్లలకి వేసవి సెలవులు. పోల్చాలనుకుంటే బ్రైటన్ జులై 24న కషిమా ఆంట్లర్స్‌తో ఆడింది బుధవారమే, దాన్ని తీసుకోండి. అప్పుడు ప్రత్యర్థి మారిపోతాడు, కషిమా అభిమానుల బలగం వేరు. అది గుర్తుంచుకునే చదవాలి.


ఎడమవింగు:

నా జాబితా ఇలా రాయబోతున్నాను. మితోమా తరగతిలో మొదటి స్థానం మితోమా, రెండు మయేదా. టోక్యో తరంలో మితోమా, కుబో ఇద్దరికీ కలిపి మొదటి స్థానం, తర్వాత దోవాన్. తోటి ఆటగాళ్ల ఓటు అని విడిగా ఒక పట్టిక పెట్టి అందులో మయేదా పైన. సరేనా? పనిలో పనిగా ఇదే పట్టికలో నకతా, కజు మియురా లాంటి పాతవాళ్లని కలపొచ్చా?


గీతలలెక్క:

మొదటిది సరే. రెండోదానికి ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ ప్రాంతం, ఏ రాత, ఎన్నిసార్లు తీశారు అన్నది ఒక్క వరసలో రాయండి. అది లేకపోతే రేపు ఇంకొకరు తీసినప్పుడు కుబో ఒక్కడే పైన వచ్చాడంటే ఎవరిది తప్పో తేల్చలేం. దోవాన్ మూడో స్థానం రెండు కొలతల్లోనూ వస్తేనే ఉంచండి. ఆయన జాతీయ జట్టు మ్యాచ్ రోజుల్లో ఎక్కువ ఎగిరి మామూలు రోజుల్లో తగ్గే రకం, మధ్యగతంలో తొమియాసు దగ్గరికి రావచ్చు.

పాతవాళ్లని మాత్రం కలపకండి. ట్రెండ్స్ 2004 నుంచే ఉంది, పేజ్‌వ్యూస్ 2015 జులై నుంచి. నకతా పెరూజా తరఫున తొలి మ్యాచ్‌లోనే యువెంటస్ మీద రెండు గోల్స్ కొట్టింది 1998లో, రోమాతో టైటిల్ గెలిచింది 2001లో, 29 ఏళ్లకి ఆట మానేసింది 2006 జులైలో. ఆయన వెలుగు చాలావరకు ఈ పరికరాలు పుట్టకముందే అయిపోయింది. కజు సంగతి ఇంకా ముందుది, జె లీగ్ మొదలైన 1993లోనే ఆయన లీగ్ ఉత్తమ ఆటగాడు (ఎంవీపీ), ఆసియా ఉత్తమ ఆటగాడు. ఇప్పుడు వాళ్ల పేర్లు పెడితే వచ్చేది జ్ఞాపకాల కొలత మాత్రమే. వాళ్లకి ఆ కాలపు ఓట్లు, అవార్డులతో వేరే పట్టిక వేయండి. నకతా 1997, 1998 రెండేళ్లూ వరసగా ఆసియా ఉత్తమ ఆటగాడు, అక్కడ నుంచి మొదలుపెట్టొచ్చు.